టాప్‌స్పిన్ 2కె25 రివ్యూ: బటన్ ఎప్పుడు వదలాలో తెలిస్తేనే టెన్నిస్

తిరుపతిలో గేమ్‌ప్యాడ్ ఉన్న ఇంట్లో క్రికెట్టో, ఫుట్‌బాలో, కార్ల రేసో ఉంటుంది. టెన్నిస్ అరుదు. బైరాగిపట్టెడ, బాలాజీ కాలనీ వైపు అద్దె గదుల్లో ఉండే కాలేజీ కుర్రాళ్ళు ఎవరైనా టాప్‌స్పిన్ 2కె25 పెట్టినా, కారు గేమ్ ఆడినట్టే బటన్లు అదిమిపట్టి ఆడతారు. రెండు మ్యాచ్‌లు 6-0తో పోగానే బంతి మాట వినడం లేదని తీసి పక్కన పెడతారు. బంతి మాట వింటుంది. మీరు ఎంత గట్టిగా నొక్కారన్నది దానికి అక్కర్లేదు, ఎప్పుడు వదిలారన్నదే దానికి లెక్క. ఇది పట్టుబడితే ఇవాళ దొరికే టెన్నిస్ గేమ్‌లలో కోర్టు మీద ఇంత నిజంగా అనిపించేది ఇంకొకటి లేదు. కోర్టు బయట దీనితో కొన్ని చికాకులున్నాయి, వాటి సంగతి చివర్లో.

ముందు వివరాలు. 2024 ఏప్రిల్ 26న వచ్చింది. తయారుచేసింది హ్యాంగర్ 13 స్టూడియో, ప్రచురించింది 2కె. ఈ వరుసలో దీనికి ముందరిది 2011 నాటి టాప్ స్పిన్ 4, అంటే పదమూడేళ్ళ ఎడం. ప్లేస్టేషన్ 4, 5, ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎక్స్, ఎస్, విండోస్ పీసీ అన్నిటిలోనూ ఆడుతుంది. ఆస్ట్రేలియన్ ఓపెన్, రోలాఁ గారోస్ (ఫ్రెంచ్ ఓపెన్), వింబుల్డన్, యూఎస్ ఓపెన్ నాలుగూ అసలు పేర్లతో, అసలు కోర్టులతో ఉన్నాయి. ఫెదరర్, సెరెనా, అగస్సీ, స్టెఫీ గ్రాఫ్, సంప్రాస్, అల్కరాజ్, స్వియాటెక్ లాంటివాళ్ళతో ఆడొచ్చు. విడుదలనాటి జాబితాలో మన దేశపు ఆటగాళ్ళు ఒక్కరూ లేరు. సానియా మీర్జా, రోహన్ బోపన్న డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌లు అయినవాళ్ళు. వాళ్ళకు చోటు లేకపోవడం మన అభిమానికి బాధే.

ఇక ఆట పెట్టకముందు చూసుకోవలసిన పని ఒకటుంది, దాన్ని వదిలేసి ఎంత సాధన చేసినా దండగ. ఇది టైమింగ్ గేమ్. సెకనుకు 60 ఫ్రేములతో నడిస్తే ఒక్కో ఫ్రేము సుమారు 17 మిల్లీసెకన్లు. బటన్ వదలడం పర్ఫెక్ట్ అనిపించుకునే వ్యవధి కొద్ది ఫ్రేములే. టీవీని మామూలు సినిమా మోడ్‌లో ఉంచితే, బొమ్మను నునుపు చేసే పనిలో అది సులువుగా 50 నుంచి 100 మిల్లీసెకన్లు తినేస్తుంది, అంటే మూడు నుంచి ఆరు ఫ్రేములు. మీరు సరిగ్గానే వదులుతారు, తెర మీద మాత్రం ప్రతిసారీ 'లేట్' అని పడుతుంది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ వెతికి ఆన్ చేయండి. కొన్ని టీవీల్లో అది మీరు వాడే హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా ఉంటుంది, ఒక పోర్టుకు పెట్టి కేబుల్ ఇంకో పోర్టుకు మారిస్తే మళ్ళీ మామూలే. మోషన్ స్మూతింగ్ లాంటి పేరు ఏది కనిపించినా ఆపేయండి. పీసీలో వీ-సింక్ (గేమ్ ఫ్రేములను తెర వేగంతో జతపరిచే సెట్టింగు) వల్ల కూడా ఆలస్యం వస్తుంది. ముందు గ్రాఫిక్స్ తగ్గించి 60 ఫ్రేములు కదలకుండా నిలబెట్టండి. గుంపులో జనం ముఖాలు మసకగా ఉన్నా నష్టం లేదు. ఫ్రేములు ఒకసారి 60, ఒకసారి 40 అయితే మాత్రం చెయ్యి దేనికీ అలవాటు పడదు.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకో ఇబ్బంది. శేషాచలం కొండరాళ్ళు పగలంతా తాగిన ఎండను రాత్రి దాకా ఊరి మీదికి వదులుతూనే ఉంటాయి. ఆ గదిలో లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడితే, మొదటి సెట్టు బాగానే నడిచి రెండో సెట్టులో ఆట బరువెక్కుతుంది. వేడెక్కిన చిప్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అంతే. గట్టి బల్ల మీద పెట్టి, వెనకవైపు రెండు అంగుళాలు లేపి, గాలి రంధ్రాల దుమ్ము తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. గేమ్‌ప్యాడ్ వైరుతో ఉన్నదే తీసుకోండి. బ్లూటూత్‌ది ఆడదని కాదు, చవకరకం వాటిలో సంకేతం ఒక్కోసారి ఒక్కోలా ఆలస్యమవుతుంది, ఆ నిలకడలేనితనమే చేటు. దుకాణంలో కొనేటప్పుడు ఎడమ స్టిక్ వదిలితే నడిమికి వస్తుందో లేదో తిప్పి చూడండి. గురి అంతా దానిమీదే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. గేమ్‌ప్యాడ్ కుడివైపు నాలుగు బటన్లూ నాలుగు దెబ్బలు: ఫ్లాట్, టాప్‌స్పిన్, స్లైస్, లాబ్ (ఎదుటివాడి తల మీదుగా ఎత్తుగా పంపేది). ఒక్కో దాన్నీ రెండు రకాలుగా కొట్టొచ్చు. టక్కున నొక్కి వదిలితే (ట్యాప్) కంట్రోల్ షాట్, పట్టి ఉంచి వదిలితే పవర్ షాట్. రెండింటికీ టైమింగ్ వేరు, కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. కంట్రోల్ షాట్‌కు బంతి మీ ఆటగాడి దగ్గరికి వచ్చే వేళకు నొక్కాలి. పవర్ షాట్‌కు ముందే నొక్కి పట్టుకుని, బంతి రాకెట్టును కలిసే ముందు క్షణంలో వదలాలి. ఆటగాడి మీద కనిపించే మీటరు పచ్చ గీత దగ్గర ఆపారా లేదా చెబుతుంది. 'ఎర్లీ' అని పడితే తొందర, 'లేట్' అని పడితే ఆలస్యం. రెండింటిలోనూ బంతి గురి నుంచి పక్కకు పోతుంది, బలం తగ్గుతుంది, గీత దగ్గరికి గురిపెట్టి ఉంటే బయట పడుతుంది. 'పర్ఫెక్ట్' పడితే అదే గురి, అదే బటన్, బంతి మాత్రం ఇంకో ఆటగాడు కొట్టినట్టు వెళుతుంది.

మీటరును చూస్తూ ఆడితే మొదట్లో సాయం, తర్వాత గుదిబండ. కన్ను మీటరు మీద ఉంటే ఎదుటివాడు ఎటు కదిలాడో చూడదు. మంచి పద్ధతి ఏమిటంటే, బంతి మీ వైపు నేలను తాకే చప్పుడు పట్టుకోండి. నేల తాకడానికీ రాకెట్టు తాకడానికీ మధ్య ఉన్న లయ ఒక్కో కోర్టుకు ఒక్కోలా ఉన్నా, ఒక కోర్టు మీద ఒక దెబ్బకు నిలకడగానే ఉంటుంది. తాళం పట్టుకున్నట్టు 'టప్' అన్నాక 'ఊ' అనుకుని వదలండి. టీవీ సౌండు కట్టేసి ఆడేవాళ్ళకు ఈ దారి మూసుకుపోతుంది. పక్కగదిలో చదువుకునేవాళ్ళుంటే వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో చప్పుడే ఆలస్యంగా వినిపిస్తుంది.

టాప్‌స్పిన్ అకాడమీ అనే శిక్షణ విభాగాన్ని దాటేయకండి. పాఠాలు చెప్పే గొంతు జాన్ మెకన్రోది. మొదటి రోజు ప్రాథమిక పాఠాలు, రెండో రోజు అడ్వాన్స్‌డ్ పాఠాలు, ఆ తర్వాతే మ్యాచ్. మూడో రోజు నుంచి ఎగ్జిబిషన్‌లో, అంటే విడి మ్యాచ్‌లలో, తేలిక స్థాయి పెట్టుకుని ఒకే నియమంతో ఆడండి: పవర్ షాట్ ముట్టుకోకూడదు. ట్యాప్‌తోనే, టాప్‌స్పిన్ ఒక్కటే, కోర్టు నడిమికి దగ్గరగా. పది దెబ్బల ర్యాలీ మూడుసార్లు వరసగా నిలిచాక పవర్‌ను పరిచయం చేసుకోండి. ఈ క్రమం విసుగ్గా ఉంటుంది, నిజమే. దీన్ని పాటించినవాళ్ళకూ మొదటి రోజే పవర్ మీద పడినవాళ్ళకూ రెండు వారాలకు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

టైమింగ్ తర్వాత కాళ్ళు. బటన్ నొక్కాక ఎడమ స్టిక్ గురి చెప్పే పనికి మళ్ళుతుంది, ఆటగాడి పరుగు నెమ్మదిస్తుంది. కాబట్టి బంతి దారి తెలియగానే ముందు కదలండి, చేరాక నొక్కండి. పరుగెత్తుతూనే బటన్ అదిమితే ఆటగాడు చాచి కొడతాడు, అప్పుడు టైమింగ్ సరిగ్గా ఉన్నా బంతి బలహీనంగానే పోతుంది. దెబ్బ కొట్టిన వెంటనే స్టిక్ వదిలి చూస్తూ నిలబడటం రెండో తప్పు. బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) నడిమికి వెనక్కి రావాలి, కాకపోతే సరిగ్గా నడిమికి కాదు. మీరు కుడి మూల నుంచి ఐమూలగా కొట్టి ఉంటే, నడిమి గుర్తుకు కొంచెం కుడివైపే ఆగండి. ఎదుటివాడు మళ్ళీ ఐమూలగా కొట్టడానికే అవకాశం ఎక్కువ, అటు కోణమూ ఎక్కువ.

ఐమూల దెబ్బ ఎందుకు క్షేమమో లెక్కలోనే ఉంది. సింగిల్స్ కోర్టు పొడవు 23.77 మీటర్లు, వెడల్పు 8.23 మీటర్లు. మూల నుంచి ఎదురు మూలకు 25.15 మీటర్లు అవుతుంది, అంటే గీత వెంట నేరుగా కొట్టేదానికంటే సుమారు 1.4 మీటర్ల చోటు అదనం. పైగా నెట్ నడిమిన 91.4 సెంటీమీటర్ల ఎత్తే, స్తంభాల దగ్గర 107. ఐమూలగా పోయే బంతి నెట్‌ను తక్కువ ఎత్తున్నచోట దాటుతుంది. నేరుగా పోయేది ఎత్తున్న పక్కనుంచి దాటాలి. ఈ గేమ్ ఆ కొలతలను ఎక్కడా వమ్ము చేయలేదు, అందుకే నిజం టెన్నిస్ తెలిసినవాళ్ళకు చెయ్యి త్వరగా కుదురుతుంది. ఐమూలగా నాలుగు కొట్టి, ఎదుటివాడి బంతి సర్వీస్ గీత చుట్టుపక్కల పొట్టిగా పడినప్పుడు మాత్రమే గీత వెంట నేరుగా తెరవండి. గురిపెట్టేటప్పుడు స్టిక్‌ను అంచుదాకా తొయ్యకుండా మూడొంతులు తోస్తే చాలు. అంచుదాకా తోసిన గురికి 'పర్ఫెక్ట్' తప్ప దిక్కులేదు, 'గుడ్' కూడా కొన్నిసార్లు బయటికే.

దెబ్బల్లో టాప్‌స్పిన్ మీ రోజువారీ అన్నం. బంతి ముందుకు దొర్లుతూ పోవడం వల్ల దాని పైన గాలి ఒత్తిడి పెరిగి కిందికి వంగుతుంది, నెట్ మీదుగా ఎత్తుగా పంపినా కోర్టులో పడుతుంది, పడ్డాక పైకి లేస్తుంది. ఎదుటివాడి బ్యాక్‌హ్యాండ్ భుజం ఎత్తుకు లేచేలా పంపడమే పాయింటుకు పునాది. ఫ్లాట్ వేగంగా పోతుంది, వంగదు, కాబట్టి పొట్టిగా ఎత్తుగా వచ్చిన బంతికే దాన్ని దాచుకోండి. మోకాలి కింద ఉన్న బంతిని ఫ్లాట్‌తో కొట్టడమంటే నెట్‌కు ఇచ్చేయడమే. స్లైస్‌ను కొత్తవాళ్ళు ముట్టుకోరు, అది పొరపాటు. మూలకు లాగబడి చాచి కొట్టవలసి వచ్చినప్పుడు స్లైస్ బంతి నిదానంగా తేలుతూ వెళుతుంది, మీరు నడిమికి చేరడానికి ఆ సమయం కావాలి. పడ్డాక లేవకుండా జారుతుంది గనుక ఎదుటివాడు వంగి కొట్టాలి. డ్రాప్ షాట్ (నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసే దెబ్బ) ఎదుటివాడు బేస్‌లైన్‌కు రెండు మీటర్లు వెనక ఉన్నప్పుడు మాత్రమే. బేస్‌లైన్ మీద నిలబడ్డవాడికి వేస్తే పరుగున వచ్చి మీ మీదికే కొడతాడు. వేశాక అక్కడే నిలబడకుండా లాబ్‌కు వేలు సిద్ధంగా ఉంచుకోండి.

సర్వీసు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మ్యాచ్‌లో సగం గేమ్‌లు మీ సర్వీసుతోనే మొదలవుతాయి. బటన్‌తోనైనా కుడి స్టిక్‌తోనైనా వేయొచ్చు. స్టిక్ అయితే కిందికి లాగి, బంతి గాలిలో పైకెళ్ళి ఆగే చోట పైకి తోయాలి. మొదట బటన్ నేర్చుకోండి. మొదటి సర్వీసు పట్టి ఉంచి వదిలే పవర్, రెండోది ట్యాప్. రెండోది కూడా పవర్‌తో ప్రయత్నించేవాళ్ళ స్కోరుకార్డులో డబుల్ ఫాల్టులు (రెండు సర్వీసులూ తప్పి పాయింటు పోవడం) వరసగా కనిపిస్తాయి, ఒక్కో గేమ్‌లో రెండు చాలు గేమ్ పోవడానికి.

ఎక్కడ వేయాలి? కుడిచేతి ఆటగాడితో డ్యూస్ వైపు (మీ కుడి సగం) నుంచి స్లైస్ సర్వీసు బయటి మూలకు వేస్తే బంతి ఇంకా బయటికి వంగుతుంది, ఎదుటివాడు కోర్టు బయటికి పోయి కొట్టాలి, రెండో దెబ్బకు మీకు సగం కోర్టు ఖాళీ. అడ్వాంటేజ్ వైపు (మీ ఎడమ సగం) నుంచి టాప్‌స్పిన్ సర్వీసు, అదే కిక్ సర్వీసు, బయటి మూలకు. కుడిచేతివాడికి అది బ్యాక్‌హ్యాండ్ మీద భుజం పైకి లేస్తుంది. ఈ రెండింటిమధ్య అప్పుడప్పుడు నడిమి గీత మీదికి ఫ్లాట్ వేయండి. ఎడమచేతివాడు ఎదురైతే అంతా తిరగబడుతుంది, మ్యాచ్‌కు ముందే ఏ చేతివాడో చూసుకోండి. ఒకే చోటికి నాలుగుసార్లు వేస్తే ఆన్‌లైన్‌లో ఏ ఆటగాడైనా అయిదోసారి అక్కడే కాచుకుని ఉంటాడు. సర్వీసు వేసే ముందు ఎడమ స్టిక్‌తో నిలబడే చోటు కూడా మార్చొచ్చు. బయటి మూలకు వేయాలంటే నడిమి గుర్తు నుంచి ఒకడుగు పక్కకు జరిగితే కోణం పెరుగుతుంది.

ఎదుటివాడి సర్వీసు తీసుకునేటప్పుడు ఆశ తగ్గించుకోవాలి. గంటకు 200 కిలోమీటర్ల సర్వీసు మీ దగ్గరికి రావడానికి అర సెకను అటూ ఇటూ. పట్టి ఉంచే పవర్‌కు అందులో చోటు లేదు. ట్యాప్ చేయండి, నడిమికి లోతుగా గురిపెట్టండి, బంతి ఆటలోకి వస్తే చాలు. భారీ సర్వీసు ఉన్నవాడు ఎదురైతే రెండడుగులు వెనక్కి నిలబడండి. రెండో సర్వీసుకు మాత్రం ముందుకు వచ్చి పవర్ ప్రయత్నించొచ్చు, ఎదుటివాడికి భయం పుట్టేది అక్కడే.

అలుపు గురించి తిరుపతి వాళ్ళకు వేరే చెప్పాలా? అలిపిరి మెట్ల దారిలో గాలిగోపురం దాకా పరుగు మీద ఎక్కిన కుర్రాడు మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్టు మెట్టుకూ కూర్చుంటాడు. మొదటినుంచీ ఒకే నడకతో వచ్చిన ముసలమ్మ అతణ్ణి దాటుకుని గోవింద నామం చెప్పుకుంటూ పోతుంది. ఈ గేమ్‌లో ప్రతి పవర్ షాట్టూ, ప్రతి దూరపు పరుగూ శక్తి పట్టీలోంచి తీసుకుంటాయి. పట్టీ తగ్గేకొద్దీ ఆటగాడి వేగం, బలం, గురి మూడూ తగ్గుతాయి. మొదటి సెట్టు 6-1తో గెలిచి, రెండు మూడు సెట్లు పోగొట్టుకునే మ్యాచ్‌లన్నిటికీ మూలం ఇక్కడే. పాయింటుకు ఒకటి రెండు పవర్ షాట్లు చాలు, అవీ పాయింటు ముగించే దెబ్బకు. 40-0తో ఎదుటివాడు సర్వీసు గెలిచేస్తున్నప్పుడు ప్రతి బంతికీ పరుగెత్తి శక్తి ధారపోయకండి. బ్రేక్ పాయింటు (ఎదుటివాడి సర్వీసు గేమ్‌ను గెలిచే అవకాశం) వచ్చినప్పుడు మాత్రం ఏదీ దాచుకోవద్దు. ఎదుటివాడి పట్టీ కూడా తెర మీద ఉంటుంది, దాన్ని చూడటం అలవాటు చేసుకోండి. అతనిది సగానికి పడిందంటే ఇక మూల నుంచి మూలకు తిప్పడమే మీ పని, గెలుపు దెబ్బ మీరు కొట్టనక్కర్లేదు, తప్పు అతనే చేస్తాడు.

కోర్టుల తేడా బాగా చూపించారు. రోలాఁ గారోస్ ఎరుపు చూసి మన చిత్తూరు ఎర్రమట్టి గుర్తొస్తుంది గానీ అది మట్టి కాదు. తెల్ల సున్నపురాయి పొర మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన చల్లిన ఇటుకపొడి. బంతి ఆ పొడిని రాసుకుని వేగం కోల్పోయి ఎత్తుగా లేస్తుంది. ఫ్లాట్‌తో పాయింటు ముగిద్దామనుకున్న దెబ్బలన్నీ వెనక్కి వస్తాయి. అక్కడ టాప్‌స్పిన్, ఓపిక, డ్రాప్ షాట్. వింబుల్డన్ గడ్డిని 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు, బంతి దానిమీద తక్కువ ఎత్తున జారిపోతుంది. అక్కడ స్లైస్ సర్వీసు, స్లైస్ దెబ్బ రెండూ ఆయుధాలే, నెట్‌కు రావడానికీ మంచి కోర్టు. లయ ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు మారుతుంది కాబట్టి, క్లే (రోలాఁ గారోస్ లాంటి ఎర్ర కోర్టు) మీద వారం ఆడి నేరుగా గడ్డి మీద ఆన్‌లైన్ మ్యాచ్‌కు దిగకండి. అన్నీ 'లేట్' పడతాయి. పది నిమిషాలు శిక్షణ కోర్టులో ఆ ఉపరితలం మీద చెయ్యి మార్చుకోండి. నేర్చుకోవడానికి హార్డ్ కోర్టే మేలు.

నెట్ ఆటకు ఒక్క మాట: లోతుగా పడిన దెబ్బ వెనకే ముందుకు రండి, పొట్టిగా పడిన దెబ్బ వెనక వస్తే పక్కనుంచి కొట్టేస్తారు. వాలీలకు (బంతి నేలను తాకకముందే కొట్టే దెబ్బలు) ట్యాప్ తప్ప వేరేది వాడొద్దు. డబుల్స్‌లో జోడీ నెట్ దగ్గర ఉన్నప్పుడు బంతి ఐమూలగానే తిప్పండి.

టై-బ్రేక్ వచ్చినప్పుడు ఇంట్లో చూసేవాళ్ళు సర్వీసు ఎవరిదని అడుగుతారు. 6-6 అయ్యాక మొదటివాడు ఒక్క పాయింటుకు సర్వీసు చేస్తాడు, అక్కడినుంచి చెరి రెండు. ఏడు పాయింట్లు, రెండు తేడా. ఆరు పాయింట్లకోసారి పక్కలు మారతారు. పక్క మారాక మీ ఆటగాడు తెర మీద పై వైపుకు వెళ్ళే కెమెరా పెట్టుకుని ఉంటే టైమింగ్ అంచనా చెడుతుంది, మీ ఆటగాడు ఎప్పుడూ కింద ఉండే కెమెరా ఎంచుకోండి.

కెరీర్ మోడ్‌లో మీ ఆటగాణ్ణి మీరే చేసుకుని కింది స్థాయి టోర్నమెంట్ల నుంచి ఎదగాలి. ప్రతి నెలా శిక్షణ, ఒక ప్రత్యేక పోటీ, ఒక టోర్నమెంట్ ఇలా నడుస్తుంది. ప్రయాణాలు అలుపు తెస్తాయి, అలుపుతో ఆడితే గాయాలు. కనిపించిన ప్రతి టోర్నమెంటూ ఆడకుండా మధ్యలో విశ్రాంతి పెట్టండి, గ్రాండ్ స్లామ్ ముందు నెల ముఖ్యంగా. పాయింట్లు పంచేటప్పుడు అన్నిటికీ తలా కొంచెం వేస్తే దేనికీ పనికిరాని ఆటగాడు తయారవుతాడు. సానియా బలం ఫోర్‌హ్యాండ్. అలా ఒక ఆయుధం ఎంచుకుని, మొదట దానికి, తర్వాత పరుగుకూ శక్తికీ వేయండి. సర్వీసుకు ఆ తర్వాత. మొదటి స్థాయిల్లో ఎదుటివాళ్ళు బంతిని వెనక్కి పంపలేక ఓడిపోతారు గనుక కాళ్ళున్నవాడే గెలుస్తాడు. ఒకసారి పంచిన పాయింట్లు మార్చుకోవడం ఉచితం కాదనుకునే పంచండి. కోచ్‌లను పెట్టుకుంటే వాళ్ళు ఇచ్చే లక్ష్యాలు పూర్తిచేసినప్పుడు నైపుణ్యాలు వస్తాయి. మీ ఆటతీరుకు కలిసే కోచ్‌నే తీసుకోండి, వాలీ కోచ్‌ను పెట్టుకుని బేస్‌లైన్ మీద ఆడితే లక్ష్యాలు కదలవు.

ఇప్పుడు చికాకులు. కెరీర్ మోడ్ ఒంటరిగా ఆడేదే అయినా ఇంటర్నెట్ లేకుండా నడవదు. రాత్రి కరెంటు పోయి రౌటర్ ఆగితే, ఇన్వర్టర్ మీద టీవీ ఆడుతున్నా కెరీర్ ఆగిపోతుంది. రౌటర్‌కు విడిగా దొరికే చిన్న పవర్ బ్యాకప్ డబ్బా పెట్టుకోవడం ఒక్కటే మార్గం, కొనేటప్పుడు మీ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపడేదే తీసుకోండి. ఒక మనిషి కంప్యూటర్‌తో ఆడుకునే ఆటకు ఈ షరతు పెట్టడం తప్పు. పైగా సర్వర్లు ఎప్పటిదాకా నడుపుతారన్నది ప్రచురణకర్త చేతిలో ఉంది, కాబట్టి కొనే రోజున వాళ్ళ ప్రకటన చూసుకునే డబ్బు పెట్టండి. పూర్తి ధరకు ఇప్పుడు కొనవద్దు. పండగ సేల్‌లో దించినప్పుడు చూడండి. బట్టలు, అలంకారాలు, వీసీ అనే ఆట డబ్బు ప్రతి మెనూలోనూ కళ్ళముందు ఆడతాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఖాతాకు కార్డు జతచేసి వదలకండి. వాటిలో ఏదీ కొనకుండానే మంచి ఆట ఆడొచ్చు.

ఆన్‌లైన్‌లో వరల్డ్ టూర్ మీ సొంత ఆటగాడితో, 2కె టూర్ ప్రసిద్ధ ఆటగాళ్ళతో. మొదట 2కె టూర్ మేలు, ఎదుటివాడి స్థాయి ఎక్కడో ఉండి మీది ఇక్కడ ఉండే బాధ అందులో లేదు. వైఫై కాకుండా రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాగండి. కేబుల్ కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై, అదీ రౌటర్ ఉన్న గదిలోనే. దూరదేశపు ప్రత్యర్థి దొరికితే ప్రతి దెబ్బా కొంచెం ముందే వదలాల్సి వస్తుంది, ఆ మ్యాచ్‌లో నేర్చుకున్న టైమింగ్ మరుసటి మ్యాచ్‌కు పనికిరాదు. అలాంటప్పుడు ఆ రాత్రికి ఆన్‌లైన్ మానేసి శిక్షణ కోర్టుకు వెళ్ళడం మంచిది.

పాత లాప్‌టాప్ ఉన్నవాళ్ళు, నెట్ నమ్మలేని ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఈ గేమ్ వెనక పరుగెత్తనక్కర్లేదు. పీసీ మీద టెన్నిస్ ఎల్బో 4 ఉంది. బొమ్మలు చూస్తే పదేళ్ళ నాటివనిపిస్తాయి, ఆటగాళ్ళ పేర్లు కల్పితం, అసలు పేర్లు కావాలంటే అభిమానులు చేసిన మాడ్‌లు (గేమ్‌ను మార్చే అదనపు ఫైళ్ళు) వేసుకోవాలి. కానీ బంతి నడక, ర్యాలీ కట్టే తీరు చాలా నిజాయితీగా ఉంటాయి, బరువు తక్కువ, నెట్ లేకుండా కెరీర్ ఆడుకోవచ్చు. మెల్‌బోర్న్‌కు చెందిన బిగ్ యాంట్ 2020లో తెచ్చిన ఏఓ టెన్నిస్ 2లో ఆటగాళ్ళనూ స్టేడియాలనూ స్వయంగా తయారుచేసుకునే సదుపాయం బాగుంటుంది, ఆటగాడి కాళ్ళ కదలిక మాత్రం టాప్‌స్పిన్‌కు దగ్గరికి రాదు.

ఒకే గదిలో ఇద్దరు ఆడుకోవడానికైతే టాప్‌స్పిన్‌నే తీసుకోండి. రెండో గేమ్‌ప్యాడ్ కొనేటప్పుడు మొదటిది ఏ రకమో అదే రకం కొనండి, ఒకరిది వైరు, ఒకరిది బ్లూటూత్ అయితే ఆట సమానంగా ఉండదు. అన్నకు అలవాటై తమ్ముడు కొత్తవాడైతే, అన్న పవర్ షాట్ వాడకూడదని ఒప్పందం పెట్టుకుని హార్డ్ కోర్టు మీద చిన్న సెట్టు ఆడండి. నాలుగైదు సెట్లలో తమ్ముడి చెయ్యి కుదురుతుంది, ఆ తర్వాత ఒప్పందం తీసేయొచ్చు.